ఆనీ ఆనని శాడిళ్లు

ఎలక్ట్రిక్ బేస్ గిటార్‌లో తీగ కంపించే భాగానికి రెండు హద్దులు ఉంటాయి. ఒకటి మెడ చివర, శ్రుతి మరలకు కాస్త ఇవతల, ఎముకతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన సన్నని గట్టు. దానిని వాయిద్యకారులు నట్ అంటారు. రెండవది వాయిద్యపు దేహం మీద బిగించిన బ్రిడ్జి అనే లోహపు పీఠంలో, ఒక్కొక్క తీగ కింద ఒక్కొక్కటిగా నిలిచే చిన్న లోహపు దిమ్మ. దాని పేరు శాడిల్. నట్‌ను ఒకసారి అతికించిన తరువాత సాధారణంగా ఎవరూ కదపరు. శాడిల్ సంగతి అలా కాదు. తీగ ఎత్తు సరిచేయవలసి వచ్చినప్పుడు అది పైకీ కిందికీ, తీగ పొడవు సరిచేయవలసి వచ్చినప్పుడు ముందుకూ వెనుకకూ కదలాలి. ఆ పని ముగిసినది మొదలు మళ్లీ అవసరం పడేవరకు, తీగను ఎంత గట్టిగా మీటినా వెంట్రుకవాసి కూడా కదలకూడదు. ఈ రెండు షరతులకూ పొత్తు కుదరదు. కదలడానికి సందు కావాలి, సందు ఉన్నచోట అదురు పుడుతుంది. శాడిల్ సరిగా అమరకపోవడమనే చిక్కుకు మూలం ఇక్కడే ఉంది కాబట్టి, దానిని ఆ ఒక్క ముక్క లోపంగా చూసి మరొకటి కొని వేసినా బాగుపడని సందర్భాలు తరచుగా ఎదురవుతాయి. శాడిల్ వేటివేటికి ఆనుకొని నిలబడుతోంది, వాటిలో ఏ ఆనిక నిజంగా భారం మోస్తోంది, ఏది ఉత్తినే తాకుతూ ఉంది అన్నది తేల్చుకోవడమే మరమ్మత్తులో సగం పని.

ఈ ఏర్పాటు మొదటినుంచీ ఇలా లేదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఫుల్లర్టన్ పట్టణంలో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపి, అక్కడినుంచి వాయిద్యాల తయారీకి వచ్చిన లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను వెలువరించినప్పుడు, దాని బ్రిడ్జి మీద నాలుగు తీగలకు ఉన్నవి రెండే శాడిళ్లు. అవి కూడా లోహానివి కావు, ఒత్తి గట్టిపరచిన ఫైబర్ ముక్కలు. మెట్లు లేని నిలువు డబుల్ బేస్ మీద వేలు ఎక్కడ ఆనించాలో చెవే చెప్పాలి. మెట్లున్న ఈ కొత్త వాయిద్యం మీద స్వరం గురి తప్పదన్న ధీమాతోనే దానికి ప్రెసిషన్, అంటే కచ్చితత్వం, అనే పేరు పెట్టారు. ఆ గురి బ్రిడ్జి దాకా రాలేదన్నది తమాషా అయిన విషయం. ఒకే శాడిల్ మీద రెండు తీగలు నడిచినప్పుడు ఒకదాని పొడవు సరిచేస్తే రెండవది తప్పుతుంది, కనుక వాద్యగాడికి దక్కేది రాజీ మాత్రమే. అదే కంపెనీ 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టర్ గిటార్‌లో ఆరు తీగలకు ఆరు విడి శాడిళ్లు అమర్చింది కానీ, బేస్‌కు ఆ భాగ్యం 1957 దాకా పట్టలేదు. అడుగు స్వరాల్లో చిన్నపాటి తేడాను శ్రోత పట్టించుకోడన్న లెక్క దాని వెనుక ఉండి ఉండవచ్చు.

1957లో వచ్చిన ఆ బ్రిడ్జి ఎంత సాదాగా ఉందంటే, నేటికీ చాలా బేస్ గిటార్ల మీద కనిపించేది దాదాపు అదే. ఒక ఉక్కు రేకును వెనుకవైపు నిలువుగా మడిచి, అయిదు స్క్రూలతో చెక్కకు బిగిస్తారు. ఆ మడతలోని రంధ్రాలగుండా నాలుగు పొడవైన స్క్రూలు వచ్చి, గొట్టంలా గుండ్రంగా ఉన్న నాలుగు శాడిళ్లలోకి మర దిగుతాయి. స్క్రూను తిప్పితే శాడిల్ ముందుకో వెనుకకో జరుగుతుంది. మడతకూ శాడిల్‌కూ మధ్య స్క్రూ చుట్టూ ఉండే స్ప్రింగు శాడిల్‌ను ముందుకు నెడుతూ వదులును తీసేస్తుంది. ఇక ఎత్తు కోసం, ఒక్కొక్క శాడిల్‌లో నిలువుగా రెండు తల లేని చిన్న మరలు ఉంటాయి; వీటిని గ్రబ్ స్క్రూలంటారు, శాడిల్‌కు అవే కాళ్లు. నాలుగు శాడిళ్లు, ఎనిమిది కాళ్లు, నాలుగు పొడవు స్క్రూలు, నాలుగు స్ప్రింగులు కలిపి ఇరవై విడి భాగాలు. ప్రతి తీగకూ విడిగా శ్రుతి సరిచేసుకునే వీలు ఇలా దక్కింది. దానికి మూల్యంగా, అంతకుముందు లేని ఎన్నో అతుకులు వాయిద్యంలోకి వచ్చి చేరాయి.

ఈ అతుకులను పట్టి ఉంచేది ఏది? జిగురు కాదు, బిగింపు స్క్రూ కూడా కాదు, తీగ బిగువే. సాధారణ బేస్ గిటార్‌లో నట్ నుంచి శాడిల్ దాకా తీగ పొడవు 34 అంగుళాలు, అంటే సుమారు 864 మిల్లీమీటర్లు. అన్నిటికంటే లావైన ఇ తీగ మందం మామూలుగా అంగుళంలో వెయ్యికి 105 వంతులు, అంటే 2.67 మిల్లీమీటర్లు, దానిని సెకనుకు 41 కంపనాల దగ్గర శ్రుతి చేసినప్పుడు అది దాదాపు 18 కిలోల బరువు వేలాడదీసినంత బిగువుతో లాగుతుంది. అయితే ఈ లాగుడంతా శాడిల్‌ను కిందికి నొక్కదు. తీగ శాడిల్ మీదుగా వచ్చి వెనుక మడతవైపు ఎంత వాలుగా దిగుతుందో, ఆ వంపును బట్టే నొక్కుడు ఏర్పడుతుంది. వంపు 10 డిగ్రీలుంటే 18 కిలోల బిగువులో కిందికి నొక్కే భాగం మూడు కిలోలకు కాస్త పైన. 20 డిగ్రీలైతే ఆరు కిలోలు దాటుతుంది. 5 డిగ్రీలకు పడిపోతే ఒకటిన్నర కిలో మాత్రమే మిగులుతుంది. ఆ కాస్త భారాన్ని రెండు కాళ్లు పంచుకోవాలి. తీగ ఊగినప్పుడల్లా ఆ భారం పెరుగుతూ తరుగుతూ ఉంటుంది కనుక, వంపు మరీ తక్కువైన చోట ఒక కాలు ఒక్క క్షణం పీఠం మీదనుంచి లేచి మళ్లీ పడే అవకాశం ఉంది. ఆ లేచి పడటమే జిరజిరలాడే చప్పుడుగా వినిపిస్తుంది.

పక్కకు లాగే బలం గురించి తక్కువమంది ఆలోచిస్తారు. బ్రిడ్జి దగ్గర పక్కపక్క తీగల మధ్య దూరం సుమారు 19 మిల్లీమీటర్లు కాబట్టి, మొదటి తీగకూ నాలుగవ తీగకూ మధ్య 57 మిల్లీమీటర్లు ఉంటుంది; నట్ దగ్గర అదే దూరం 30కి అటూ ఇటూగా కుదించుకుపోతుంది. అంటే తీగలు సమాంతరంగా నడవవు, మెడ చివరకు పోతూ దగ్గరవుతాయి. అందువల్ల అంచు తీగల వాలు ఒక డిగ్రీకి కాస్త తక్కువగా వస్తుంది, 18 కిలోల బిగువులో దాని వంతు దాదాపు 280 గ్రాములు. అంచు శాడిళ్లు రెండింటినీ లోపలివైపుకు అంత బలం ఎప్పుడూ లాగుతూ ఉంటుంది. మధ్య శాడిళ్ల మీద అందులో మూడోవంతు పనిచేస్తుంది. శాడిళ్లు ఉండవలసిన దానికంటే సన్నగా ఉన్నప్పుడు వరుస మొత్తం మధ్యకు ఒరిగి కూడుకుపోవడం ఇందుకే. అప్పుడు తీగలు, వాటి కదలికను విద్యుత్తుగా మార్చే పికప్‌లోని అయస్కాంతపు మొనల సూటి తప్పి, ఒక తీగ గట్టిగానూ మరొకటి నీరసంగానూ పలుకుతుంది. ఆ తేడాను పికప్ లోపంగా పొరబడి వైర్లు విప్పిచూసేవారు ఉన్నారు.

శాడిల్‌కు నిజానికి ఉన్నవి మూడే ఆనికలు: కింద రెండు కాళ్లు, వెనుక పొడవు స్క్రూ. రెండు కాళ్లూ తీగకు అడ్డంగా ఒకే గీత మీద ఉంటాయి కనుక, వాటి మీద నిలబడిన దిమ్మ ముందుకూ వెనుకకూ ఊగగలదు; ఆ ఊగును ఆపేది వెనుక స్క్రూ ఒక్కటే. ఆ స్క్రూ పోయే రంధ్రం స్క్రూ కంటే తప్పనిసరిగా వెడల్పు, లేకపోతే శాడిల్ ఎత్తు మారినప్పుడు స్క్రూ వాలడానికి చోటుండదు. పక్కలనుంచి ఆనుకోవడానికి పాత తరహా బ్రిడ్జిలో ఏమీ లేదు. పక్క శాడిల్ తగిలితే తగిలినట్టు, లేకపోతే లేదు. అటువంటి శాడిల్ కుదురుగా నిలవడం కొంత తయారీ నేర్పు, కొంత తీగ బిగువు దయ.

సరిపడని శాడిళ్లు ఎక్కడినుంచి వస్తాయన్న ప్రశ్నకు జవాబు తరచుగా కొలమానాల తేడాలో దొరుకుతుంది. అమెరికాలో తయారైన బ్రిడ్జిలు అంగుళాల లెక్కలో, ఆసియా దేశాల కర్మాగారాల్లో తయారైనవి మిల్లీమీటర్ల లెక్కలో ఉంటాయి. గ్రబ్ స్క్రూ తిప్పే ఆరుపలకల అలెన్ కీ ఒక పద్ధతిలో అంగుళంలో పదహారో వంతు, అంటే 1.59 మిల్లీమీటర్లు, మరో పద్ధతిలో సరిగ్గా 1.5. చేతికి అందిన కీతో పని కానిద్దామని చిన్నదాన్ని పెద్ద గుంటలో తిప్పితే పలకలు అరిగి గుంట గుండ్రమైపోతుంది, ఆ కాలు ఇక జన్మలో తిరగదు. మరల మందంలో తేడా ఇంకా పెద్దది: అంగుళాల మర దాదాపు 3.5 మిల్లీమీటర్లు, మిల్లీమీటర్ల మర 3. సన్న మరను లావు రంధ్రంలో వేస్తే అది దిగినట్టే కనిపించి లోపల ఊగులాడుతుంది. చప్పుడుకు కారణం కోసం ఊరంతా వెదికినా ఆ కాలి మీదికి మాత్రం అనుమానం పోదు. వెడల్పు విషయంలో తప్పులు కూడుకుంటూ పోవడం మరో ఇబ్బంది. ఒక శాడిల్‌లో 0.2 మిల్లీమీటర్ల కొరత లెక్కలోకి రాదు, నాలుగింటిని వరుసగా పేర్చినప్పుడు 0.8 మిల్లీమీటర్ల సందు తేలుతుంది. అంత సందులో శాడిల్ ఒరగనూ గలదు, పక్కదానిని తడుతూ మోగనూ గలదు.

అదురు వినబడినంత మాత్రాన దోషం శాడిల్‌దేనని తీర్మానించడం తొందరపాటు. మెట్టుకు తీగ తగిలి చేసే చప్పుడు వేలు స్థానం మారితే మారుతుంది లేదా ఆగుతుంది. శాడిల్ చేసే చప్పుడు ఆ తీగ మీద ఏ మెట్టు నొక్కినా దాదాపు ఒకేలా ఉంటుంది. కుడిచేత్తో తీగ మీటుతూ, మరొకరిచేత శాడిల్ నెత్తిన వేలితో గట్టిగా ఒత్తించినప్పుడు చప్పుడు ఆగిపోతే అనుమానం బలపడుతుంది. కాళ్ల సంగతి తేల్చుకోవడానికి పలుచని కాగితపు చీలిక ఒకటి చాలు: తీగ వదులుచేసి, ఒక కాలి కింద చీలిక పెట్టి, మళ్లీ శ్రుతికి బిగించి, చీలికను మెల్లగా లాగి చూడాలి. భారం మోస్తున్న కాలి కింద కాగితం చిరుగుతుంది కానీ బయటికి రాదు. సులువుగా జారి వచ్చిందంటే ఆ శాడిల్ ఒంటికాలి మీద నిలబడి ఉందన్నమాట. రెండవ కాలు పీఠాన్ని తాకుతున్నట్టు కంటికి కనిపించినా దాని మీద బరువు లేదు. సాధారణంగా ఈ ఒక్క పరీక్షతో చాలా కేసులు తేలిపోతాయనవచ్చు, ఎందుకంటే తీగ ఎత్తు సరిచేసేవారు ఒక కాలిని తిప్పి రెండవదాన్ని మరచిపోవడం మామూలు.

ఇక్కడ విద్యుత్ వాయిద్యపు విశేషం ఒకటి గమనించదగినది. పికప్ అంటే సన్నని వైరు చుట్టిన అయస్కాంతం. ఉక్కు తీగ దాని ముందు కదిలినప్పుడు చుట్టలో పుట్టే విద్యుత్తే ఆంప్లిఫయర్‌కు చేరుతుంది. అది గాలిలోని చప్పుడును వినదు. కాబట్టి నిశ్శబ్దమైన గదిలో, ఆంప్లిఫయర్‌కు కలపని వాయిద్యానికి చెవి దగ్గరపెట్టి విన్నప్పుడు విసిగించే జిరజిర, వేదిక మీద స్పీకర్‌లో అసలు వినిపించకపోవచ్చు. తీగ కదలికనే మార్చేంతగా శాడిల్ ఊగినప్పుడు మాత్రం అది స్పీకర్ దాకా వస్తుంది, పైగా తీగలోని శక్తిని తాగేసి స్వరాన్ని త్వరగా చల్లార్చుతుంది. మొదటి రకం చప్పుడును వదిలేసినా నష్టం లేదు. రెండవ రకం చప్పుడు మరమ్మత్తు చేయవలసిన జబ్బు. ఈ తేడా తెలియక మంచి బ్రిడ్జిలను పీకేసిన వాద్యగాళ్లు కొల్లలు.

సన్నగా ఉన్న శాడిళ్ల మరమ్మత్తు బ్రిడ్జి రకాన్ని బట్టి ఉంటుంది. పక్క గోడలున్న బ్రిడ్జిలో పని తేలిక. వెర్నియర్ కాలిపర్‌తో గోడల మధ్య దూరం 76.0 మిల్లీమీటర్లనీ, ఒక్కొక్క శాడిల్ 18.8 మిల్లీమీటర్లనీ తేలిందనుకుంటే, మిగిలిన 0.8ని ఒకే చోట పూడ్చడం తప్పు, తీగలన్నీ ఒక పక్కకు జరిగిపోతాయి. శాడిళ్ల మధ్య మూడు సందుల్లోనూ 0.25 మిల్లీమీటర్ల ఇత్తడి రేకు ముక్కలు మూడు పెడితే 0.75 పూడుతుంది, చివరికి 0.05 మిగులుతుంది. ఆ మిగులు లోపం కాదు, కావలసినదే; అది కూడా లేకపోతే ఒక శాడిల్‌ను జరిపినప్పుడు పక్కది వెంట వస్తుంది. లేత్ మెషిన్ల వర్క్‌షాపుల్లో షిమ్ రేకు అని అడిగితే దొరికే ఈ ఇత్తడి ముక్కను ఒక శాడిల్ పక్కకే చుక్క జిగురుతో అంటించాలి, రెండింటికీ అంటించకూడదు. దాని కింది అంచు పీఠాన్ని తాకకుండా, పై అంచు తీగకు చాలా కిందగా ఉండాలి, లేకపోతే చప్పుడు ఆపడానికి పెట్టిన రేకే కొత్త చప్పుడుకు మూలమవుతుంది.

గోడలు లేని పాత తరహా రేకు బ్రిడ్జిలో సందులు పూడ్చడం వృథా, ఎందుకంటే ఆ వరుసను బయటినుంచి పట్టే హద్దు లేదు. అక్కడ ఆశ పెట్టుకోవలసినది కాళ్ల మీదే. గ్రబ్ స్క్రూ మొన చదునుగా ఉంటే నునుపైన పీఠం మీద జారుతుంది. మొన చిన్న గిన్నెలా లోపలికి తొలిచి ఉంటే దాని పదునైన అంచు లోహంలోకి కొద్దిగా కరిచి నిలుస్తుంది. అరిగిన చదును మొనలను తీసి గిన్నె మొనల మరలు వేయడం అన్నిటికంటే తక్కువ ఖర్చుతో కూడిన మందు. అయితే ఏళ్ల తరబడి తిప్పిన కాళ్లు పీఠం మీద గుంటలు పడేలా చేసి ఉంటాయి. శాడిల్‌ను ఇప్పుడు అర మిల్లీమీటరు జరపవలసి వస్తే కాలు ఆ గుంట అంచు మీద ఎక్కి నిలవలేక జారి మళ్లీ అందులోనే పడుతుంది, శ్రుతి ఎంత సరిచేసినా పాత చోటికే పోతుంది. అటువంటి పీఠాన్ని తిరగేసి బిగించడం కుదరదు కనుక, సన్నని ఆకురాయితో గుంట అంచులను చదును చేయడం గానీ, కాలి కింద పలుచని ఉక్కు పలక వేయడం గానీ తప్ప దారి లేదు. తరువాతి కాలపు బ్రిడ్జిలలో శాడిల్ కాళ్ల కింద పీఠం మీదనే పొడవునా గాళ్లు తీయడం ఈ జారుడుకు తయారీదారులు కనిపెట్టిన విరుగుడు.

శాడిళ్లు మరీ వెడల్పుగా ఉన్నప్పుడు ఎదురయ్యే ఇక్కట్టు వేరు. అప్పుడవి ఒకదానినొకటి ఒరుసుకొని బిగిసిపోతాయి. ఎత్తు పెంచడానికి మధ్య శాడిల్ కాళ్లు తిప్పినా దిమ్మ లేవదు, లేదా లేచిన తరువాత తిరిగి దిగదు, ఎత్తు తగ్గించామనుకున్న తీగ తగ్గకుండా కాళ్లే గాలిలో వేలాడతాయి. మందపాటి అద్దం ముక్క మీద 400 నంబరు ఉప్పు కాగితం పరచి, నీళ్లు చిలకరించి, శాడిల్ పక్కభాగాన్ని ఎనిమిది అంకె గీస్తున్నట్టు రుద్దుతూ, పదిసార్లకొకసారి కాలిపర్‌తో కొలుచుకుంటూ పోతే ఒక్కో పక్క 0.05 మిల్లీమీటరు తీయడం కష్టం కాదు. నాలుగింటినీ సమానంగా తగ్గించాలి, బాగా బిగిసినదాన్నే అరగదీస్తే తీగల మధ్య దూరం చెడుతుంది. రుద్దినచోట పైపూత పోతుందన్నది మరచిపోకూడదు. నికెలు, క్రోమియం పూత కింద ఉన్నది ఉక్కయితే, విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, చేతి చెమట కూడా తోడై, అది ఒక వర్షాకాలంలోనే తుప్పు పట్టి మళ్లీ బిగుసుకుంటుంది. ఇత్తడి శాడిల్ అయితే ఆ బాధ లేదు. ఉక్కు అయిన పక్షంలో రుద్దిన ముఖానికి సన్నని నూనె పొర పట్టించడం ఆనవాయితీ.

కాళ్లూ స్క్రూ శాడిల్‌కు ఆనికలైతే, తీగకు ఆనిక అది కూర్చునే గాడి. ఇ తీగ 2.67 మిల్లీమీటర్లుంటే గాడి దానికంటే కొంచెం వెడల్పుగా, లోతు తీగ మందంలో సగానికి మించకుండా, వెనుక మడతవైపుకు వాలుతూ ఉండాలి, తీగ శాడిల్ ముందు అంచు దగ్గర స్పష్టంగా విడిపోవాలి. గాడి మరీ వెడల్పైతే తీగ అందులో పక్కలకు దొర్లుతుంది. గాడి అడుగు చదునుగా, ముందువైపుకు వాలి ఉంటే తీగ విడిపోయే చోటు ఒక బిందువుగా కాక కొంత పొడవునా సాగి, కంపించే తీగ లోహాన్ని పదేపదే రాస్తూ ఝుమ్మనే నాదం పుడుతుంది. బేస్ వాద్యగాడికి అది రోత. తెలుగు చెవికి మాత్రం ఆ నాదం కొత్తదేమీ కాదు.

తంబురాలో బ్రిడ్జి పని చేసే గుర్రం పైభాగం కావాలనే వెడల్పుగా, కంటికి ఆనీ ఆననంత వంపుతో చెక్కబడి ఉంటుంది; తీగకూ గుర్రానికీ మధ్య ఒక దారపు పోగును ముందుకూ వెనుకకూ జరుపుతూ, తీగ ఆ వంపును ఎక్కడ తాకీ తాకక రాసుకోవాలో చూసి నిలిపితే మూల స్వరంతో పాటు అసంఖ్యాకమైన అనుస్వరాలు విచ్చుకుంటాయి. దానిని జీవాళి పెట్టడమంటారు. వీణ గుర్రం మీది లోహపు రేకు వంపు కూడా ఇటువంటిదే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణలు చేసే కళాకారులకు ఆ వంపు మీద ఉన్నంత శ్రద్ధ మరెక్కడా ఉండదంటే అతిశయోక్తి కాదు. సి.వి. రామన్ 1921లో భారతీయ తంత్రీవాద్యాల గురించి రాసిన పత్రంలో ఒక విచిత్రాన్ని చూపాడు: తీగను ఏ బిందువు దగ్గర మీటితే ఏ అనుస్వరం పలకకూడదని పాశ్చాత్య శాస్త్రం చెబుతుందో, వీణలోనూ తంబురాలోనూ అది కూడా పలుకుతుంది, దానికి కారణం గుర్రం వంపు మీద తీగ రాసుకోవడమే. ఒక వాయిద్యంలో లోపంగా ఎంచి ఆకురాయితో తొలగించే సంగతిని మరొక వాయిద్యం ప్రాణంగా పెంచి పోషించింది. అయితే ఈ రెండింటినీ ఒకటిగా చూడడం కూడా పొరపాటే అవుతుంది. తంబురాలో తీగ రాసుకోవడం తీగ అడుగునే, లెక్క ప్రకారమే జరుగుతుంది, గుర్రం మాత్రం కుండ మీది పలకపై కదలక నిలిచి ఉంటుంది. శాడిల్ అదురులో తీగతో పాటు ఆనికే కదులుతోంది. గుర్రం కింద సందు పడి అది తడబడితే ఏ తంబురా విద్వాంసుడూ ఆ చప్పుడును జీవాళి అనుకోడు.

బేస్‌లోని ఈ చిన్న చప్పుళ్లు ఇంత ప్రధానం కావడానికి వెనుక చరిత్ర ఉంది. తొలి ఫెండర్ బేస్‌ల బ్రిడ్జి మీద క్రోమియం డొప్ప ఉండేది, దాని లోపల తీగలను తాకే మెత్తని దిండు ఉండి స్వరాన్ని అణచేది. 1960లలో డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ ఆ డొప్పను తీయలేదు, నునుపైన చుట్టున్న లావు తీగలను మార్చనూ లేదు; అతని 1962 నాటి ప్రెసిషన్ బేస్‌లో శాడిల్ కాస్త ఊగి ఉన్నా ఎవరికీ తెలిసేది కాదు. తీగ చుట్టు గరుకుగా, నాదం మెరుపుగా ఉండే రకం 1960ల రెండవ సగంలో ప్రచారంలోకి వచ్చి, వాద్యగాళ్లు డొప్పలు పీకేయడం మొదలుపెట్టిన తరువాతే శాడిల్ నిందితుల వరుసలోకి చేరింది. తెలుగు శ్రోతలు 1980లలో ఇళయరాజా పాటల్లో పాటతో సమానంగా నడిచే బేస్ వరుసలను విన్న కాలానికి, ఆ వాయిద్యపు ప్రతి కదలికా విడిగా వినిపించే స్థాయికి రికార్డింగూ వాదనమూ చేరుకున్నాయి.

శాడిల్ చిక్కులకు సర్వరోగనివారిణిగా 1970ల నుంచి అమ్ముడుపోతున్నవి బరువైన పోత బ్రిడ్జిలు. లోహం బరువు పెరిగితే స్వరం ఎక్కువసేపు నిలుస్తుందన్న ప్రచారం వాటి వెనుక గట్టిగా ఉంది. కానీ వాటి గుణంలో ఎక్కువ భాగం బరువుది కాదు, లోతైన గాళ్లలోనో గోడల మధ్యనో శాడిల్‌ను పక్కలనుంచి పట్టి ఉంచే ఏర్పాటుదని భావించడమే సబబు. అదే పట్టు పాత రేకు బ్రిడ్జికి సరైన కాళ్లతోనూ, సరైన తీగ వంపుతోనూ తెచ్చిపెట్టగలిగినప్పుడు రెండింటి మధ్య తేడాను చెవితో గుర్తించడం అంత తేలిక కాదు. కొత్త బ్రిడ్జి పీఠం మందంగా ఉన్నప్పుడు శాడిళ్లను మరింత కిందికి దించవలసి వచ్చి, తీగ వంపు తగ్గి, పోగొట్టుకున్న నొక్కుడే కొత్త అదురుగా తిరిగివచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

వంపు చాలనప్పుడు దానిని పెంచే దారి బ్రిడ్జి దగ్గర కాక మెడ దగ్గర ఉండడం ఈ పనిలో కొత్తవారిని ఆశ్చర్యపరుస్తుంది. స్క్రూలతో బిగించిన మెడను విప్పి, అది కూర్చునే గుంటలో దేహం వైపు చివర పలుచని చెక్క పొరనో గట్టి కాగితపు ముక్కనో పెట్టి తిరిగి బిగిస్తే, మెడ అర డిగ్రీ వెనుకకు వాలుతుంది. తీగల ఎత్తు యథాస్థితికి రావాలంటే శాడిళ్లను పైకి లేపాలి, లేపినకొద్దీ తీగ వెనుకకు మరింత నిటారుగా దిగుతుంది, కాళ్ల మీద భారం పెరుగుతుంది. శాడిల్‌ను మార్చకుండానే శాడిల్ జబ్బు కుదరడం ఇలా జరుగుతుంది. అయితే కాళ్లు శాడిల్‌లోంచి మరీ బయటికి వచ్చి, లోపల రెండు మూడు చుట్ల మర మాత్రమే పట్టి ఉండే స్థితి రాకూడదు. అప్పుడు పొడవైన కాళ్లు కావాలి.

ఏ మరమ్మత్తు చేసినా దాని తరువాత శ్రుతి పొడవును సరిచూడడం చివరి పనిగా ఉండాలి, మెడ వంపు, తీగ ఎత్తు కుదిరిన తరువాతే. తీగను మెట్టుకు నొక్కినప్పుడు దాని బిగువు కొంచెం పెరిగి స్వరం హెచ్చుతుంది. లావు తీగలో ఈ హెచ్చు ఎక్కువ కాబట్టి ఇ శాడిల్ మిగతావాటికంటే కొన్ని మిల్లీమీటర్లు వెనుక నిలవాలి. 12వ మెట్టు లెక్క ప్రకారం సగం పొడవు దగ్గర ఉంటుంది. అక్కడ తీగను వేలితో ఊరకే తాకి వదిలినప్పుడు పలికే హార్మోనిక్‌తో, అదే మెట్టు దగ్గర నొక్కి మీటినప్పటి స్వరాన్ని పోల్చి, నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్‌ను వెనుకకు, తగ్గుగా ఉంటే ముందుకు జరుపుతారు. జరిపే ముందు తీగను వదులు చేయకపోతే స్క్రూ తీగ నొక్కుడుతో పోట్లాడి మర అరుగుతుంది. జరిపిన తరువాత కాళ్లను మళ్లీ కాగితంతో పరీక్షించకపోతే, ముందు చేసిన పనంతా ఒక కాలి కింద పోయిందో లేదో తెలియదు. ఆ పరీక్ష ముగిసిన తరువాత కాలి మర పైచుట్టు మీద ఒక చుక్క గోళ్లరంగు, లేదా విప్పడానికి వీలయ్యే రకం మర జిగురు వేస్తారు, కంపనానికి కాలు తనంతట తాను దిగిపోకుండా. ఎర్ర రకం మర జిగురు వేస్తే కాలు వాయిద్యంతో పాటు శాశ్వతం. తీగల మందం మార్చిన నాడు ఈ వరుస మొత్తం మళ్లీ చేయక తప్పదు: 105కు బదులు 100 మందపు తీగ వేస్తే బిగువు తగ్గి, అప్పటిదాకా నిశ్శబ్దంగా ఉన్న శాడిల్ జిరజిరలాడవచ్చు, సన్నని తీగకు పాత గాడి వెడల్పై అందులో దొర్లవచ్చు, ఆ శాడిల్ కూడా ఒక మిల్లీమీటరులో కొంత భాగం ముందుకు రావలసి ఉంటుంది.